యజమాని సంతకం

పాల గది,
జూన్ 3

వదినగారికి,

మీరు క్షేమమని తలుస్తాను. ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి, మోగేలోపు పెట్టేశాను. ఫోనులో నాకు మాట రాదని మీకు తెలుసు. ఎదురుగా ఉన్నా రాదనుకోండి.

విషయం ఇది. మన మేకలు తొమ్మిదీ పాలు తగ్గించాయి. రెండు పూర్తిగా వట్టిపోయాయి. ఈ వానలు వెళ్ళేలోపు చూడి కట్టకపోతే వచ్చే ఏడాది పాలుండవు. హాస్టలు వంటమనిషి ఇప్పటికే పాలపొడి మాట ఎత్తుతున్నాడు. పశువుల డాక్టరుగారు సూది వేస్తారు కానీ, ఆ విత్తనం నిలవ ఉంచే డబ్బా మూడు నెలలుగా ఖాళీ. "పైనుంచి రావాలమ్మా" అంటారు. పైన అంటే ఎక్కడో ఆయనకూ తెలియదు.

మీతో తీసుకెళ్ళిన మగ మేకను మాకు రెండు నెలలు ఎరువు ఇవ్వగలరా? తేవడం, తిరిగి పంపడం, పరీక్షలు, కాగితాలు అన్నీ నేను చూసుకుంటాను. వచ్చాక ఇరవై ఒక్క రోజులు విడిగా కట్టాలట. ఆ తర్వాత నలభై రెండు రోజులు మందలో ఉంటే చాలు. పుట్టిన పిల్లల్లో మొదటిది మీది.

అమ్మ బాగానే ఉంది. ఈ ఉత్తరం సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

మీ మరదలు


మిషను గది,
జూన్ 10

సిస్టరమ్మా,

ఏడు నెలలకి ఉత్తరం వచ్చింది, అదీ మేకపోతు కోసం. "మగ మేక" అట! కొట్టం నిండా మేకలు పెట్టుకుని ఆ మాట రాయడానికి కూడా సిగ్గేనా నీకు? నువ్వు చదివిన కాన్వెంటు వాళ్ళు నీ నోటికి తాళం వేసి, తాళంచెవి బావిలో పడేసినట్టున్నారు. వాడికి పేరుంది. హెడ్మాస్టరు. గడ్డం చూసి మీ అన్నయ్యే పెట్టాడు. మర్చిపోయావా?

నేను మా అన్నయ్య ఇంట్లో ముందు గదిలో ఉంటున్నాను. కిటికీ దగ్గర మిషను, మిషను పక్కన మంచం, బయట మెట్ల కింద హెడ్మాస్టరు. చినుకు పడ్డప్పటినుంచీ వాడి కంపు ఇంతా అంతా కాదు. పై వాటా ఆవిడ ముక్కు మూసుకునే మెట్లెక్కుతుంది. మొన్న "ఏమ్మా, దీన్ని ఎవరికైనా ఇచ్చేయరాదూ" అంది. "మీ ఆయన్ని ఇచ్చేసిన రోజు దీన్నీ ఇచ్చేస్తాలెండి" అన్నాను. ఆవిడ నవ్వింది. మా వదిన నవ్వలేదు. అన్నాక నాకు తెలిసింది ఏమన్నానో. లోపలికొచ్చి మిషను తొక్కుతూ కూర్చున్నాను, సూదిలో దారం లేకుండానే.

ఇస్తాను. ఎందుకివ్వను? ఆ తొమ్మిదిట్లో ఆరింటికి నా చేతుల మీదే పుట్టుక. కానీ అత్తయ్యకి చెప్పకుండా ఎలా? "దీని కడుపుబ్బరానికి మందు తెమ్మని నా కొడుకుని పంపింది" అని ఆవిడన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. దీన్ని నా కళ్ళ ముందు ఉంచొద్దు అంది కాబట్టే కదా వాడి పలుపు పట్టుకుని బస్సెక్కాను. ఆవిడ తప్పేం లేదు. పంపింది నేనే. ఆ రోజు పొద్దున బట్టల దుకాణానికి పనికి వెళ్తూ, గుమ్మంలో నిలబడి మూడుసార్లు చెప్పాను. మందు తెండి, మర్చిపోకండి, మందు తెండి. మర్చిపోలేదు మనిషి. సైకిలెక్కాడు. లారీ.

ఆ వెళ్ళే రోజు నీ గది తలుపు కొట్టాను. నువ్వు రాలేదు. చదువుకుంటున్నావేమో అనుకున్నాను. పోనీలే.

కాగితాలు పంపు.

వదిన


పశువుల ఆసుపత్రి వరండా,
జూన్ 19

వదినా,

ఇక్కడి గుమాస్తాగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దాని కోసం సొరుగులన్నీ వెతుకుతారు. నేను చూసీ చెప్పలేకపోయాను. పది నిమిషాలు పోయాయి.

కావలసినవి రాస్తున్నాను. తాత్కాలిక తరలింపు పత్రం మూడు ప్రతులు. ఒకటి మీ దగ్గరి ఆసుపత్రికి, ఒకటి ఇక్కడికి, ఒకటి దారిలో తనిఖీ కోసం బండిలో. మేకలు నెలలు నిండకుండానే ఈసుకుపోయే జబ్బు లేదని రక్తపరీక్ష చీటీ. చెవి బిళ్ళ నంబరు, ఒకసారి దగ్గరగా చూసి సరిపోల్చండి. దాని రిజిస్ట్రేషను కార్డు మీ దగ్గరే ఉండాలి.

బండి కుదిరింది. పాల వ్యాను డ్రైవరు మొదట ఒప్పుకోలేదు. "పోతు ఎక్కితే నెలరోజులు నా వ్యానులో పాలెవరూ పుచ్చుకోరండీ" అన్నాడు. చివరికి గడ్డి మోసే బండి మాట్లాడి పెట్టాడు.

ఇంకొకటి. పోతు రాకముందే ఏ మేక ఎదకు వస్తోందో గుర్తు పెట్టుకోవాలి. ఒక పాత గుడ్డను దాని మెడకూ కొమ్ముల వెనకా బాగా రుద్ది, మూత బిగించే డబ్బాలో పెట్టి పంపండి. గుడ్డ చూపిస్తే ఎదలో ఉన్నవి వాటంతట అవే వస్తాయి. ఇది అన్నయ్య చేసే పద్ధతే.

పత్రాల్లో నా వైపు పని పూర్తి చేశాను. "ప్రస్తుతం పోషిస్తున్నవారు" అన్నచోట మీరు సంతకం పెడితే చాలు.

మీ మరదలు


మిషను గది,
జూన్ 25

సిస్టరమ్మా,

కవరు చింపి మూడు కాగితాలూ మిషను బల్ల మీద పరిచాను. నా సంతకం ఎక్కడో వెతుకుతున్నాను. దానికి పైన "యజమాని సంతకం" అని ఉంది. అక్కడ ఆయన సంతకం ఉంది.

నీలం సిరా. కింద ఆ రెండు గీతలు, రెండోది కొంచెం పొట్టిగా. తేదీ ఈ నెల పంతొమ్మిది.

ఎంతసేపో చెప్పలేను. ఒక్క ఊపిరి సేపు అనుకో. ఆ ఊపిరి సేపు ఆయన ఎక్కడో ఉన్నాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మీ వాకిట్లో నిలబడి, తొడ మీద కాగితం పెట్టుకుని, మేక తోస్తుంటే "ఆగవే" అంటూ పెట్టాడనుకున్నాను. లేచి నిలబడ్డాను కూడా. చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చింది.

నీకు మనసెలా వచ్చింది? ఒక్క ముక్క ముందు చెప్పలేకపోయావా? "వదినా, సంతకం నేను పెట్టాను" అని ఒక్క వాక్యం. నాలుగు పేజీలు గుడ్డల గురించీ బండ్ల గురించీ రాశావే.

రెండిట్లో నా సంతకం పెట్టి పంపుతున్నాను. మూడోది పంపను. అది నాది. నీ గుమాస్తాకి ఏం చెప్పుకుంటావో చెప్పుకో.

వదిన


పశువుల ఆసుపత్రి వరండా,
జూలై 3

వదినా,

క్షమించండి అని రాయడానికి మూడు కాగితాలు చించాను. అది చిన్న మాటలా కనిపిస్తోంది.

జరిగింది చెప్తాను. గుమాస్తాగారు "యజమాని ఎక్కడ?" అని అడిగారు. నేను "ఊళ్ళో లేరు" అన్నాను. అబద్ధం చెబుదామని కాదు. రెండో మాట నోట్లోంచి రాలేదు. ఆయన "అయితే వచ్చాక పెట్టించుకు రా" అన్నారు. బయట వరండాలో కూర్చుని నేనే పెట్టేశాను.

నాన్న పోయాక కాన్వెంటులో నా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు అన్నయ్యే పెట్టేవాడు. మేత కోసం దూరం వెళ్ళినప్పుడు దొరికేవాడు కాదు. కార్డు మర్నాడే తిరిగివ్వాలి. ఒకరోజు నా పక్కన కూర్చుని, పాత నోటుపుస్తకంలో పేజీ నిండా తన సంతకం నాతో దిద్దించాడు. "నేను లేనప్పుడు నువ్వే పెట్టేయ్" అన్నాడు. ఆ మాటే గుర్తొచ్చింది. అందుకే పెట్టాను.

రెండు ప్రతులు పట్టుకుని వెళితే గుమాస్తాగారు "మూడోదేదమ్మా?" అన్నారు. ఈసారి చెప్పాను. "యజమాని మా అన్నయ్య. చనిపోయారు. ఈ సంతకం నాది" అన్నాను. వరుసలో నా వెనక దూడను పట్టుకుని ఒకాయన ఉన్నాడు. ఆయనకూ వినపడింది. గుమాస్తాగారు నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించారు. రెండు పత్రాలూ నిలువునా చింపి బుట్టలో వేసి, కొత్త పత్రం తీశారు. "పెన్ను నాది తీసుకో" అన్నారు.

ఇప్పుడు సరైన దారి ఇది. మరణ ధ్రువపత్రం. అమ్మ అంగీకార పత్రం. కార్డు మీ పేరుకు మారుతుంది. అప్పుడు యజమానిగా మీరే సంతకం పెట్టి మాకు ఎరువు ఇవ్వచ్చు. అమ్మ చేత సంతకం పెట్టించాను. కాగితం దేనికని అడిగింది. చెప్పాను. చాలాసేపు పాల కుండ కడిగింది. తర్వాత చెయ్యి తుడుచుకుని పెట్టింది. "మేకల కోసం" అంది.

ఒక్క ఇబ్బంది ఉంది. కొత్త కార్డు ఇవ్వాలంటే పాతది ఆసుపత్రిలో ఇచ్చేయాలి. ఫైలులో కుట్టేస్తారు.

మీ మరదలు


మిషను గది,
జూలై 9

సిస్టరమ్మా,

పాత కార్డు నా ముందే ఉంది. అది తీసుకున్న రోజు నేనూ వెళ్ళాను ఆయనతో. హెడ్మాస్టరు నాలుగు నెలల పిల్ల అప్పుడు. చెవికి బిళ్ళ కొడుతుంటే ఆసుపత్రి కప్పు లేచిపోయేలా అరిచాడు. "ఏడవకురా, ఉద్యోగం వచ్చింది నీకు" అంటూ ఆయన కార్డు మీద సంతకం పెట్టాడు. నవ్వుతూ పెట్టాడేమో, చివర కొంచెం జారింది.

ఆయనెక్కడ సంతకాలు పెట్టే మనిషి? మేకలకి సంతకాలేం కావాలి? నా దగ్గర ఆయన చేత్తో రాసింది ఇదొక్కటే. నువ్వు పెట్టిన దాన్ని దీని పక్కన పెట్టి చూశాను. ఎంత చూసినా తేడా తెలియడం లేదు. అందుకే నీ మీద ఇంకా కోపం.

ఇచ్చేస్తాను. మేకలు ఏం పాపం చేశాయి? రేపు వెళ్ళి ఇచ్చేస్తాను. కానీ దానికి బదులు నాకొకటి కావాలి. ఆ ప్రోగ్రెస్ కార్డుల్లోంచి ఆయన పెట్టిన సంతకం ఒక్కటి పంపు. ఆయన పెట్టింది. నువ్వు పెట్టింది కాదు.

గుడ్డ డబ్బాలో పెట్టి పంపుతున్నాను. తపాలా ఆఫీసులో "ఏముందమ్మా ఇందులో?" అని మూత దగ్గర ముక్కు పెట్టి చూశాడు పాపం. ఈ పూట అన్నం తినుండడు.

వదిన


నా గది,
జూలై 15

వదినా,

డబ్బా అందింది. మూత తీయగానే నాలుగు మేకలు తడిక మీదికి వచ్చాయి. గుర్తులు పెట్టాను. ఆ వాసన అన్నయ్య చొక్కాల వాసన. తల పక్కకు తిప్పుకుని గుడ్డ పట్టుకున్నాను.

ప్రోగ్రెస్ కార్డులు పెట్టెలోంచి తీశాను. మొత్తం ఇరవై నాలుగు సంతకాలు. నేల మీద పరుచుకుని పొద్దున్నుంచీ చూస్తున్నాను. కొన్ని అన్నయ్యవి. కొన్ని నావి. ఏవి ఎవరివో నాకు తెలియడం లేదు. ఏడో తరగతిలో మార్కులు తగ్గినప్పుడు నేనే పెట్టుకున్నానని గుర్తు. కానీ ఆ సంతకమే అన్నిటికంటే ధైర్యంగా ఉంది. ఒక్కటి తీసి "ఇది అన్నయ్యది" అని మీకు పంపలేను. మళ్ళీ అబద్ధమవుతుంది. అన్నీ పంపుతున్నాను.

ఇంకొకటి పంపాలి. అది ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంది.

ఆ రోజు అన్నయ్య మందు కోసం వెళ్ళలేదు.

మీరు దుకాణానికి వెళ్ళాక అటక మీద పాత మందు సీసా దొరికింది. సగముంది. మధ్యాహ్నం ఇద్దరం కలిసి తాగించాం. నేను కొమ్ములు పట్టుకున్నాను. కాసేపటికి పోతు గట్టిగా తేన్చింది. "హెడ్మాస్టరుగారు భోంచేసినట్టున్నారు" అని అన్నయ్య నవ్వాడు. కడుపు దిగిపోయింది. అమ్మ అప్పటికి హాస్టలుకు పాలు పట్టుకుని వెళ్ళింది.

నాలుగు గంటలకు లైబ్రరీకి వెళ్ళి రమ్మని నేను అడిగాను. లైబ్రరీ పుస్తకానికి ఆ రోజుతో గడువు. రెండో భాగం వచ్చిందని లైబ్రేరియన్ చీటీ పంపింది. రేపైతే ఎవరైనా తీసుకుపోతారేమోనని నా తొందర. అన్నయ్య అప్పుడే కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. "నీ పుస్తకాలు మోయడానికే కొన్నట్టున్నాను ఈ సైకిలు" అన్నాడు. వెళ్ళాడు.

ఆసుపత్రిలో కానిస్టేబులు అన్నయ్య సంచీ నా చేతికిచ్చాడు. అందులో తిరిగివ్వాల్సిన పుస్తకం ఉంది. మందు సీసా లేదు. "పాపం, మందు ఇంకా కొననే లేదు" అని ఎవరో అన్నారు. అమ్మ మీ వైపు చూసింది. నేను సంచీ కొంగు కింద పెట్టుకున్నాను.

ఎవరూ నన్ను అడగలేదు. బళ్ళో అడిగితేనే జవాబు చెప్పాలని నేర్పారు. ఇది సాకు అని నాకు తెలుసు. మీరు తలుపు కొట్టినప్పుడు నేను చదువుకోవడం లేదు. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. మీరు మూడుసార్లు కొట్టారు. చెక్క నా వీపుకు తగిలింది.

పోతును పంపకపోయినా నేనేమీ అనుకోను.

మరదలు


గడ్డి బండి డ్రైవరు చేతికి,
ఆగస్టు 2

హెడ్మాస్టరుని పంపుతున్నాను. రక్తపరీక్ష చీటీ, కొత్త కార్డు, మూడు ప్రతులు కవరులో ఉన్నాయి. యజమాని సంతకం నాదే.

నీళ్ళు ఎండలో ఉన్న తొట్టిలోవి తాగడు. దాణా మరీ ఎక్కువ పెట్టొద్దు, మళ్ళీ ఉబ్బుతుంది. గిట్టలు పోయిన వారమే చెక్కించాను. ఎడమ కొమ్ము వెనక గోకితే నిలబడతాడు, కుడివైపు ముట్టుకుంటే పొడుస్తాడు. ఇరవై ఒక్క రోజులూ మేకలు కనపడని చోట కట్టు, లేకపోతే తడిక ఉండదు. అక్టోబరు నాలుగుకి తిరిగి రావాలి.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరిదో జాకెట్టు కుట్టేశాను. ఈ పక్షం రోజుల్లో కుట్టినన్ని ఏడాదిలో కుట్టలేదు.

నాకు చెప్పావు. నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సింది ఆవిడకి. వాడు మీ వాకిట్లో కాలు పెట్టేలోపు చెప్పు. లేకపోతే బండి అలాగే వెనక్కి తిప్పమని డ్రైవరుకి చెప్పాను. మాట మీద నిలబడే మనిషి, తిప్పేస్తాడు.

ఆ పుస్తకం నీ దగ్గరే ఉంటే, వాడితో పాటు పంపు.


కొట్టం,
అక్టోబరు 4

వదినా,

పోతును తిరిగి పంపుతున్నాను. ఆరోగ్యంగా ఉంది. డాక్టరుగారి చీటీ పలుపుకు కట్టిన సంచీలో ఉంది. తొమ్మిదింట్లో ఎనిమిది కట్టాయని అనుకుంటున్నాం. ముసలిది మాత్రం దాన్ని దగ్గరికి రానీయలేదు. మూడుసార్లు తలతో కుమ్మింది. అమ్మ "దానికి బుద్ధుంది" అంది.

మీరు చెప్పినట్టే చేశాను.

బండి వాకిట్లో ఆగింది. డ్రైవరు ఉత్తరం ఇచ్చి, దిగకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నిలబడే చదివాను. అమ్మ కొట్టంలో పాలు పితుకుతోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. మొత్తం చెప్పాను. మందు సీసా, లైబ్రరీ, సంచీ. వాక్యాలు బాగా రాలేదు. రెండుసార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను. అమ్మ పితకడం ఆపలేదు. గిన్నెలో పాలు పడే చప్పుడు మాత్రం మారింది. అది అయిపోయాక ఇంకొక మేక దగ్గర కూర్చుంది. అది ఆ పొద్దున పితికినదే. పాలు లేవు. వట్టి పొదుగు పట్టుకుని కూర్చుంది.

బండిలోంచి పోతు అరిచింది.

"దాన్ని దించండి. ఎండలో ఉంది" అంది అమ్మ. డ్రైవరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

ఆ తర్వాత రెండు నెలలు అమ్మ నాతో మాట్లాడలేదు. కోపంతో అని అనిపించదు. నన్ను చూడగానే ఏదో లెక్క తప్పినట్టు ఆగిపోతుంది. పోతుకు మేత మాత్రం తనే వేసేది. ఒకరోజు కొట్టంలోకి వెళితే, దాని మెడ మీద ముఖం పెట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళలేదు. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు.

నిన్న మాట్లాడింది. మీకు రాయమంది. ఆమె మాటలే రాస్తున్నాను. "నేను అన్నది అన్నాను. నా కోడలు అందరి ముందూ విన్నది. తిరిగి తీసుకునే వీలుంటే ఆ అందరి ముందే తీసుకునేదాన్ని." హాస్టలు వంటమనిషికీ, పాల వ్యాను డ్రైవరుకూ, పక్కింటివాళ్ళకూ తనే చెప్పి వచ్చింది. అడగనివాళ్ళకు కూడా.

పుస్తకం పంపుతున్నాను. నేను మళ్ళీ తెరవలేదు. అట్ట మీది మట్టి తుడవలేదు. లైబ్రరీకి వెళ్ళి, పుస్తకం పోయిందని చెప్పాను. లైబ్రేరియన్ రెండో భాగం తీసి ఇవ్వబోయింది. వద్దన్నాను.

మీ మరదలు


పాల గది,
జనవరి 22

వదినా,

నిన్న పొద్దున మొదటిది ఈనింది. ఒక్కటే పిల్ల. ఆడది. నల్లగా ఉంది, ఒక చెవి తెలుపు. వెనక కాళ్ళు ముందు వచ్చాయి. అమ్మ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. నేనే లాగాను. మీరు చెప్పేవారు కదా, అది నొప్పి తీసినప్పుడే లాగాలి, ఆపినప్పుడు ఆపాలి అని. అలాగే చేశాను.

ఒప్పందం ప్రకారం ఇది మీది. చెవి బిళ్ళకు దరఖాస్తు ఇందులో పెట్టాను. యజమాని పేరు చోట మీ పేరు రాశాను. సంతకం చోట ఏమీ రాయలేదు.

అమ్మ పక్క గది ఖాళీ చేయించింది. మేత పెట్టుకునే గది. సున్నం కూడా వేయించింది. మిషను పట్టేంత కిటికీ ఉంది. "రాయి" అంది. అందుకని రాస్తున్నాను. మీరు రావాలని అడిగే హక్కు నాకు లేదు.

మీ మరదలు


మిషను గది,
ఫిబ్రవరి 6

మరదలికి,

సిస్టరమ్మా అని రాశాను. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకా చెయ్యి తిరగడం లేదు.

దరఖాస్తు మీద సంతకం పెట్టాను. పిల్లని పాలు మరిచేదాకా తల్లి దగ్గరే ఉంచు. ఆ తర్వాత నేనే వస్తానో, ఎవరినైనా పంపుతానో ఇప్పుడు చెప్పలేను. అత్తయ్యకి చెప్పు, సున్నం వేసిన గదిలో మేత పెట్టొద్దు, ఘాటుకి మేకలు తినవు. అంతకంటే ఏమీ చెప్పకు. బిళ్ళ కొట్టేటప్పుడు పిల్ల బాగా అరుస్తుంది. నువ్వే పట్టుకో. చెవులు మూసుకుని గదిలోకి పోకు.

పుస్తకం చదివాను. నా చదువు నీకు తెలుసుగా, రోజుకి రెండు పేజీలు. మెట్ల మీద కూర్చుని పైకి చదివాను, హెడ్మాస్టరు విన్నాడు. రెండు కుటుంబాలు ఒక గోడ కోసం కొట్టుకోవడం. మూడొందల పేజీలు అయినా గోడ తెగలేదు. రెండో భాగంలో తెగుతుంది కాబోలు. మంచి పుస్తకమే. కానీ అంత మంచిదేం కాదు.

నువ్వు పెట్టిన సంతకం కాగితం, నా దగ్గరున్న ఆ మూడో ప్రతి, తిరిగి పంపుతున్నాను. నాకిక అక్కర్లేదు.

ఎందుకంటే నీ ప్రోగ్రెస్ కార్డులన్నీ చూశాను. ఒక్కొక్కటే కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఆరో తరగతిది, మూడో పరీక్ష. సంతకం పక్కన ఆకుపచ్చ మరక ఉంది, బొటనవేలంత. పచ్చి మేత కోసిన చెయ్యి. కడుక్కోకుండా వచ్చి పెట్టినట్టున్నాడు. ఆ కార్డు ఉంచుకుని మిగతావి పంపుతున్నాను. అద్దం వెనక పెట్టుకున్నాను. పొద్దున్నే తల దువ్వుకునేటప్పుడు ఒకసారి తీసి చూస్తాను.

నువ్వూ మేత కోసేదానివని నాకు తెలుసు.

అది నీదైతే చెప్పకు. అన్నీ చెప్పావు కదా. ఈ ఒక్కటీ చెప్పకు.

వదిన